మోచేయి రెక్క

మార్చి 3, సోమవారం

పళ్ళ డాక్టరు గారి కవరు వచ్చింది. లోపల పదకొండు ఫొటోలు. పాత సామాన్ల కొట్లో ఎవరిదో ఆల్బమ్ దొరికిందట, విమానాలున్న పేజీలు మాత్రం చింపి పంపారు. ఆల్బమ్ చింపకూడదని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. పక్క పేజీలో ఎవరి పెళ్ళి ఉందో, ఏ కారు ఉందో తెలిస్తే విమానం సంగతి సగం తేలిపోతుంది. పొద్దస్తమానం పళ్ళు పీకే చెయ్యి, దేన్నీ దాని చోట ఉండనివ్వదు. ఆయన మా పాత విమానాల క్లబ్బు పత్రికకి సంపాదకుడు కాకపోయి ఉంటే ఎప్పుడో కడిగిపారేసేదాన్ని.

పది ఫొటోలకి మధ్యాహ్నంలోపే పేర్లు రాసేశాను. పదకొండోది మిగిలింది.

ఒకే రెక్క, అదీ పైన. ముక్కులో ఒక ఇంజను. వెనక రేకుల షెడ్డు. ప్రొపెల్లర్ పక్కన ఒకాయన టోపీ చేత్తో పట్టుకుని, ఇప్పుడే ఎవరో చీవాట్లు పెట్టినట్టు మొహం పెట్టి నిలబడ్డాడు. ఊతకడ్డీలు గుమాస్తా విమానానివి. తోక గుమాస్తాది. కిటికీలు నాలుగు, అవీ గుమాస్తావే.

రెక్క మాత్రం కాదు.

గుమాస్తా అని పేరు పెట్టింది మా క్లబ్బు వాళ్ళే. ఆ విమానం ఉత్తరాలు మోసింది, పొలాలు కొలిచింది, పురుగుమందు చల్లింది, ఒక్కసారీ వార్తల్లోకి ఎక్కలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు నేను విమానాల వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరితే, మొదటి మూడు నెలలూ నాతో దాని రెక్క నకళ్ళే గీయించారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ముందంచు ఒకే గీత. ఇప్పుడు కళ్ళకి గంతలు కట్టి గీయమన్నా గీస్తాను.

ఈ ఫొటోలో ఆ అంచు మధ్యలో కిందికి దిగి, మళ్ళీ లేచింది.

మార్చి 4, మంగళవారం

రెండు కళ్ళతో మామూలుగా చూస్తే తిన్నగానే ఉన్నట్టుంటుంది. భూతద్దం పెడితేనే బయటపడుతోంది. వాచీలు బాగుచేసేవాళ్ళు కంట్లో ఇరికించుకునే రకం నాది. నలభై ఏళ్ళకి పైగా కుడికంటిలోనే పెడుతున్నాను, కనుబొమ కింద గాడి పడిపోయింది.

మోచేయి కొంచెం మడిచినట్టుంది. మిగతావాళ్ళెవరికీ కనపడకపోవడంలో వింతేమీ లేదు. ఈ రోజుల్లో భూతద్దం ఎవరు పెడుతున్నారు? ఫోన్లో రెండు వేళ్ళతో సాగదీసి చూడ్డమే.

మార్చి 6, గురువారం

మరదలితో చిన్న మాటామాటా.

ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. తమ్ముడు డిపోకి వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే, మధ్యాహ్నాలు నేను అంచులు కుట్టిపెడతాను. ఇవాళ ఒక గౌను అంచు నా మొహం ముందు పెట్టింది.

"చూడండి వదినా, పాము పాకినట్టుంది."

"గుడ్డ జారుతోంది."

"ఇది ముతక నూలు, ఎక్కడ జారుతుంది? ఒకసారి కళ్ళు చూపించుకోండి. మొన్న టీ కూడా కప్పులో కాకుండా సాసర్లో పోశారు."

"సాసర్లో పోసుకు తాగేవాళ్ళు లేరా లోకంలో?"

"మూడు కప్పులకీనా?"

అంచు మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. రెండోసారి మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఆమెకి కుట్టు వచ్చుగాని మనుషుల మీద ఓపిక తక్కువ.

కళ్ళు చూపించుకోవాలట. మొత్తం క్లబ్బులో నా కంటికి సాటి లేదని వాళ్ళే రాస్తారు.

మార్చి 9, ఆదివారం

మా క్లబ్బు నియమం: ఒక విమానాన్ని కొత్త రకం అని తేల్చాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆధారాలు మూడు ఉండాలి. పెట్టింది నేనే. ఆ నియమంతో ఎంతమంది ఆశల మీద నీళ్ళు చల్లానో లెక్కలేదు. పదేళ్ళ కిందట మా క్లబ్బులో రివెట్టు అని పిలిచే ఆయన తెచ్చిన మూడు చక్రాల విమానాన్ని రెండు ఆధారాలే ఉన్నాయని తోసిపారేశాను.

ఒకటి, రెక్క.

రెండు, నీడ. మట్టి మీద రెక్క నీడ పడింది. భూతద్దం పెట్టి చూశాను. నీడ కూడా సరిగ్గా అలాగే వంగింది. రెక్క వంగకుండా నీడ ఎలా వంగుతుంది?

మూడు, నంబరు. విమానం పక్కభాగం మీద రాసిన నంబరులో మధ్య అంకె లేదు, చెరిపినట్టుంది. ప్రయోగానికి తయారుచేసినవాటికి పూర్తి నంబరు ఇచ్చేవారు కాదు. సరిపోయింది.

ఇంకో సంగతి. వెనక షెడ్డు కప్పు కూడా కాస్త కుంగింది. పాత షెడ్డు. ఫొటో ఎక్కడిదో పట్టుకోవడానికి పనికొస్తుందని అదీ రాసుకున్నాను.

మార్చి 10, సోమవారం

కొత్త రకం కనిపెట్టినవాళ్ళు దానికి ముద్దుపేరు పెట్టాలి. అది క్లబ్బు ఆనవాయితీ. ముప్ఫై ఏళ్ళుగా ఇతరులు పెట్టిన పేర్లకి తీర్పులు చెబుతున్నాను, నేను పెట్టింది ఒక్కటీ లేదు.

మోచేయి.

మార్చి 13, గురువారం

పళ్ళ డాక్టరు ఫోన్. ఎవరో నోరు తెరిచి కూర్చుని ఉండగానే చేసినట్టున్నారు, వెనక గరగర వినిపిస్తోంది.

"మీరన్నారంటే ఇక తిరుగులేదండీ. జాబితా మూడో ముద్రణకి మోచేయినే కవరు మీద వేద్దాం."

జాబితా అంటే ఎవరూ గుర్తుపట్టలేని విమానాల మీద క్లబ్బు వేసే పుస్తకం. రెండు ముద్రణల్లోనూ నా పేరు లోపల, చిన్న అక్షరాల్లో, 'పరిశీలన' అన్న మాట పక్కన ఉంటుంది.

వద్దనలేదు. వద్దనడానికి కారణం కనపడలేదు. సంతోషంగా ఉంది, దాచుకోవడం దేనికి?

మార్చి 16, ఆదివారం

పత్రిక వచ్చింది. నా రిపోర్టు రెండు పేజీలు. క్లబ్బులో పదిహేను మంది అభినందనలు పంపారు. రివెట్టు దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసిన మనిషి, రెక్క మీద రివెట్లు లెక్కపెట్టి విమానం పేరు చెబుతాడు కాబట్టి ఆ పేరు. నేను ఏం రాసినా మర్నాటికల్లా ఒక తప్పు పట్టి పంపడం ఆయనకి నీళ్ళు తాగినంత సులువు. పంపలేదు.

కుళ్ళు.

మార్చి 18, మంగళవారం

ఎవరైనా కొలత అడిగితే చెప్పడానికి రెక్క మీద స్టీలు స్కేలు పెట్టాను. నిజానికి మొదటి రోజే పెట్టాల్సింది. డ్రాయింగ్ ఆఫీసులో మా పెద్దాయన రోజుకి పదిసార్లు అనేవాడు, కంటిని నమ్మకు, స్కేలు పెట్టు అని. నేను కొత్తగా చేరినవాళ్ళకి ఇరవై ఏళ్ళు అదే చెప్పాను.

స్కేలు వంకరగా ఉంది.

మధ్యలో కిందికి దిగి, మళ్ళీ లేచింది. రెక్క వంపూ స్కేలు వంపూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా సరిపోయాయి. విచిత్రం.

మరదలు దీంతో ఏ డబ్బా మూతో పెకలించి ఉంటుంది.

మార్చి 19, బుధవారం

అడిగాను. కాదంది. నా స్కేలు లేకుండా ఆమె గుడ్డ మీద సుద్దగీత గీయదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మళ్ళీ అడిగాను. నలభై రెండేళ్ళ స్కేలు అని, ఉద్యోగంలో మొదటి రోజు చేతికిచ్చింది అని, ఇంట్లో ఒక్క వస్తువుకీ మర్యాద లేదని, ఏదేదో అన్నాను. మిషను ఆపి నావైపు తిరిగింది.

"అవును వదినా, నేనే. రంగు డబ్బా మూత రాకపోతే దాంతో తీశాను. పొరపాటైంది," అంది.

ముందే ఒప్పుకుని ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు కదా. పోనీలే. విషయం తేలింది.

మార్చి 21, శుక్రవారం

కొత్త స్కేలు కొన్నాను. కొట్లో బాగానే ఉంది. ఇంటికొచ్చి భూతద్దం కింద పెడితే ఇదీ వంకరే.

ఈ కాలం సరుకు.

మార్చి 22, శనివారం

కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టతను స్కేలుని గాజు బల్ల మీద పెట్టి, వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తోసి చూపించాడు. "ఎక్కడ వంకరమ్మా? కాగితం కూడా దూరడం లేదు."

నేను చూశాను. అయినా డబ్బు వెనక్కిమ్మన్నాను.

వాపసు తీసుకోలేదు. మొండిమనిషి.

మార్చి 23, ఆదివారం

పని లేదు.

మార్చి 25, మంగళవారం

మరదలు కుట్టుబట్టలు నా దగ్గర పెట్టడం మానేసింది. మీకు మోచేయి పని ఉంది కదా వదినా, దాని సంగతి చూసుకోండి అంటుంది. మంచిదే.

మార్చి 27, గురువారం

భూతద్దం మధ్యలో బూడిదరంగు మచ్చ. మెత్తని గుడ్డతో తుడిచాను. సబ్బునీళ్ళతో కడిగాను. పోలేదు. అద్దం పాతబడితే లోపల బూజు పడుతుందంటారు.

దీపం కింద తిప్పి తిప్పి చూశాను, రెండు కళ్ళతో. అద్దం శుభ్రంగానే ఉంది. కంట్లో పెట్టుకుంటే మచ్చ వస్తోంది.

రేపు మళ్ళీ కడగాలి.

మార్చి 30, ఆదివారం

పొద్దున్న తొమ్మిదింటికి రివెట్టు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళలో మా గుమ్మం తొక్కడం ఇది మూడోసారి అనుకుంటాను. చేతిలో పత్రిక, అందులో నా రిపోర్టు, దాని నిండా ఎర్రగీతలు. ఇన్నాళ్ళూ ఊరుకున్నది ఎందుకో అప్పుడు అర్థమైందనుకున్నాను. ఒకటి కాదు, డజను తప్పులు పట్టుకొచ్చాడనుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఇంజన్ల దగ్గర పనిచేసి ఆయనకి చెవులు పోయాయి. మెల్లిగా మాట్లాడ్డం చేతకాదు. వీధిలోకి వినపడేలా చదవడం మొదలుపెట్టాడు.

"రెక్క ముందంచు మధ్యలో దిగింది. ఇది మీరు రాసిందే కదా, ట్రేసర్ గారూ? నీడ అంచు మధ్యలో దిగింది. షెడ్డు కప్పు మధ్యలో కుంగింది. నంబరులో మధ్య అంకె చెరిగింది." ఆపి కళ్ళజోడు మీదుగా చూశాడు. "ఫొటోలో ఏది చూసినా మధ్యలోనే దెబ్బతింది. మీరు ఎక్కడ చూస్తే అక్కడ."

"అంటే?"

"నాకూ ఒక కాపీ పంపారు డాక్టరు గారు. నా కాపీలో రెక్క తిన్నగా ఉంది. నీడ తిన్నగా ఉంది. మధ్య అంకె నాలుగు, గుడ్డివాడికైనా..." అక్కడ ఆగిపోయాడు. మాట మింగి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన సిగ్గుపడ్డం నేనెప్పుడూ చూడలేదు.

"పదిహేను రోజుల కిందట అచ్చయింది. ఇన్నాళ్ళు ఎందుకాగారు?" అన్నాను.

"మీరు స్కేలు పెడతారనుకున్నాను."

"పెట్టాను."

"ఏంటి?"

"స్కేలు పెట్టాను."

"గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు."

"పెట్టాను! స్కేలు వంగింది!"

పక్కగదిలో మిషను ఆగింది.

ఈ మాట కాగితం మీద రాసినప్పుడు నాకేమీ అనిపించలేదు. అరిచి చెప్పాక నా చెవులకే వినపడింది. వంగిన స్కేలు. కొత్తదీ వంగింది. నీడ, కప్పు, అంచు, గౌను. ఫొటోలో చీవాట్లు తిన్నాయనలా నేనే ఉన్నాను, చేతిలో టోపీ ఒక్కటే తక్కువ.

రివెట్టు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకి తెలిసినంత మెల్లిగా అన్నాడు. "నా చెవులు పోయాయని మొదట చెప్పింది మీరే. ఇంజను శబ్దం మారిందని నేనంటే, ఇంజను బాగానే ఉంది, మీ చెవే బాగాలేదన్నారు అందరి ముందూ. ఆరు నెలలు మీతో మాట్లాడలేదు, గుర్తుందా? ఆ ఆరు నెలల్లోనే రెండో చెవీ పోయింది. మీరు ఆ పని చెయ్యకండి. భూతద్దం ఎడమకంటికి పెట్టి చూడండి."

"ఎడమకంటితో నాకు అలవాటు లేదు."

"అలవాటు కోసం కాదు."

టీ తాగి వెళ్ళాడు. మరదలే పోసింది.

ఇవాళ పెట్టను.

మార్చి 31, సోమవారం

పెట్టాను.

ఎడమ కనుబొమ కింద గాడి లేదు. అద్దం రెండుసార్లు జారి ఒళ్ళో పడింది. మూడోసారి వేలితో పట్టుకుని ఉంచాను.

ముందంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే గీత. నేను గీసిన గీతే. మధ్య అంకె నాలుగు. షెడ్డు కప్పుకి ఏమీ కాలేదు. టోపీ పట్టుకున్నాయన చీవాట్లు తిన్న మొహంతో లేడు, నవ్వుతున్నాడు. బాగా నవ్వుతున్నాడు, ఫొటో తీస్తున్నవాళ్ళెవరో ఆయనకి ఇష్టమైనవాళ్ళు.

మళ్ళీ కుడికంటికి మార్చాను. మోచేయి. ఎడమకి మార్చాను. గుమాస్తా. ఎన్నిసార్లు మార్చానో.

ఆ తరవాత ఏడ్చాను. దేనికి ముందు ఏడవాలో తెలియలేదు, కంటికా, కవరు మీద పేరుకా. నిజం చెప్పాలంటే మొదట పేరు కోసమే ఏడ్చాను.

ఏప్రిల్ 2, బుధవారం

కంటి డాక్టరమ్మ చిన్నపిల్ల. మరదలు కుట్టిన జాకెట్ బాగుందని మెచ్చుకుంది ముందు. తరవాత చుక్కలు వేసి, లైటు వేసి, యంత్రానికి గడ్డం ఆనించమంది. కంటి వెనక ఫొటో తీసి తెర మీద చూపించింది. ఎర్రగా, గుండ్రంగా, మధ్యలో మరక. ఫొటో చూసి రకం చెప్పడం ఇవాళ ఆవిడ వంతు.

కంటిలోపలి పొర కింద నీరు ఊరుతోందట. పొర ఉబ్బితే తిన్నటి గీతలు వంగినట్టు కనపడతాయట. ముదిరితే మధ్యలో మచ్చ.

"గీతలు వంగడం ఎప్పుడు గమనించారు?"

"మార్చి మూడు." తేదీ అడిగితే తేదీ చెప్పడం నా అలవాటు.

రాసుకుంటున్నది కలం ఆపింది. "నెల రోజులు. అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు దక్కేదమ్మా. ఇప్పుడు ఇంజెక్షన్లు ఇస్తాను, ఉన్నదాన్ని నిలబెడదాం. పోయింది వెనక్కొస్తుందని ఆశపెట్టుకోకండి."

"ఎడమది?"

"ఇవాళ్టికి బాగుంది. ఎప్పటికీ రాదని చెప్పలేను. వస్తే మాత్రం మొదటి రోజే నా దగ్గరికి రావాలి. నెల తరవాత కాదు."

గళ్ళ కాగితం ఇచ్చింది. నిలువు గీతలు, అడ్డగీతలు, మధ్యలో చుక్క. రోజూ ఒక కన్ను మూసి ఒకదానితో ఆ చుక్కని చూడాలి.

ఇంజెక్షన్ కంట్లోనే చేశారు. నొప్పి చెప్పుకోదగ్గంత లేదు. భయం మాత్రం ఉంది.

ఏప్రిల్ 3, గురువారం

మరదలు పొద్దుటి నుంచీ ఎడముఖం పెడముఖంగా తిరిగింది. మధ్యాహ్నం గిన్నె తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి గిన్నె కింద పెట్టేసింది.

"ఆ స్కేలుతో నేను డబ్బా మూత తియ్యలేదు వదినా."

"తెలుసు."

"మీరు అంతలా అరుస్తుంటే, ఒప్పుకుంటే గొడవ సద్దుమణుగుతుందనుకున్నాను. నేను ఒప్పుకోకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళేవారేమో. పదిహేను రోజులు వదినా! నా నోటివల్ల పోయాయి." ఏడుస్తోంది. ఈ ఇంటికి వచ్చిన పదహారేళ్ళలో నా ముందు ఏడవడం చూడలేదు.

"వెళ్ళేదాన్ని కాదు. ఇంకో స్కేలు కొనేదాన్ని," అన్నాను.

"కొన్నారుగా."

"కొన్నాను. ఇంకోటి కొనేదాన్ని."

ఏడుస్తూనే నవ్వింది. క్షమించమని అడగాల్సింది నేను. అడగలేదు. పాత స్కేలు తీసుకెళ్ళి ఆమె మిషను బల్ల మీద పెట్టి వచ్చాను. తీసుకుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి జాబితాలోంచి మోచేయిని తీసెయ్యమన్నాను. లోపలి పేజీ తీసెయ్యగలరట. కవర్లు మూడు వందలు అచ్చయి కూర్చున్నాయట. "పోనీ అలాగే వదిలేద్దామండీ. చూసేవాళ్ళకి రెక్క తిన్నగానే కనపడుతుంది, ఎవరు పట్టించుకుంటారు?" అన్నారు.

కింద పెద్ద అక్షరాల్లో మోచేయి అని ఉంటుంది, దాని కింద నా పేరు ఉంటుంది. తిన్నటి రెక్కకి ఆ పేరు ఎందుకు పెట్టానని ఎవరూ అడగరా? సవరణ చీటీ పెట్టాల్సిందే అన్నాను. ఏమని రాస్తారన్నారు. ఏం జరిగిందో అది రాస్తానన్నాను. అంత అవసరమా అన్నారు. పళ్ళు పీకేవాళ్ళకి ఇంత మొహమాటం ఉంటుందనుకోలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

చీటీలు వచ్చాయి. రివెట్టు, మరదలు, నేను భోజనాల బల్ల చుట్టూ కూర్చుని మూడు వందల కవర్ల లోపల అంటించాం. తమ్ముడు జిగురు గిన్నె పట్టుకుని నిలబడి, ఆఖరికి జిగురు చొక్కాకే ఎక్కువ పూసుకున్నాడు. రివెట్టు ప్రతి చీటీనీ మూలలు చూసి మరీ అంటించాడు, అందువల్ల ఆయనవి యాభై దాటలేదు. నావి రెండు తలకిందులయ్యాయట, మరదలు చప్పుడు చెయ్యకుండా ఊడదీసి సరిచేసింది. చూశాను. చూడనట్టున్నాను.

చీటీ ఇక్కడ కూడా రాసిపెడుతున్నాను:

'కవరు మీది విమానం కొత్త రకం కాదు. గుమాస్తానే. మూడు ఆధారాలు ఉన్నాయని రాశాను. మూడూ ఒకే కంటివి. ఆ కన్ను పాడైంది. మోచేయి అన్న పేరు వాపసు తీసుకుంటున్నాను. పరిశీలకురాలు.'

రివెట్టు చదివి, "ఇందులో తప్పు ఒక్కటీ దొరకలేదు," అన్నాడు. ఆయన నోటివెంట ఆ మాట రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఏప్రిల్ 14, సోమవారం

గళ్ళ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాం. టీ కంటే ముందు ఆ పని.

మరదలితో ఒక ఒప్పందం చేసుకున్నాను. "ఏ రోజైనా నేను ఈ కాగితం అచ్చు బాగాలేదనో, తలుపు వంకరపోయిందనో, నువ్వు సరిగ్గా అంటించలేదనో అంటే ఒప్పుకోకు."

"మీరు అరిస్తేనో?"

"అరిచినా."

"మీ తమ్ముడితో చెప్పి రభస చేస్తేనో?"

"చేసినా."

"సరే," అంది. అంత గట్టిగా ఆమె సరే అనడం నేనెప్పుడూ వినలేదు.

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి.

ఏప్రిల్ 15

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి.

ఏప్రిల్ 16

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి. పేరు వాపసు తీసుకున్నాను గాని దీనికి వేరే పేరు దొరకడం లేదు.

ఏప్రిల్ 22

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి.

పళ్ళ డాక్టరు ఫొటోలు పంపారు. ఈసారి పేజీలు చింపలేదు, ఆల్బమ్ మొత్తం పంపారు. ఎడమకంటితో చూస్తే ఒక్కోదానికి గంట పడుతోంది. కన్ను ఎక్కడ ఆగాలో దానికి ఇంకా తెలియదు, పనిలో కొత్తగా చేరినదానిలా అన్నీ తడుముతోంది. నాలుగు ఫొటోలకి పేర్లు రాశాను. నాలుగింటికీ స్కేలు పెట్టాను. స్కేలు మరదలిది, అడిగి తెచ్చుకున్నాను.

ఏప్రిల్ 30

రెండో ఇంజెక్షన్. ఎడమ: తిన్నగా. కుడి మచ్చ పెరగలేదంది డాక్టరమ్మ. తగ్గనూ లేదు.

మే 5

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి.

మే 11

ఎడమ: తిన్నగా. కుడి: మోచేయి. రివెట్టు వచ్చి వెళ్ళాడు. మూడు చక్రాల విమానానికి మూడో ఆధారం దొరికిందట. చూశాను. ఎడమకంటితో. దొరికింది. ఒప్పుకున్నాను.

మే 19

ఎడమ: తిన్నగా. కింది వరసలో ఒక గడి మాత్రం పక్కదానికంటే చిన్నదిగా ఉంది. ఆవిరి తగిలి అక్కడ కాగితం ముడత పడినట్టుంది.

అదే మాట మరదలితో అన్నాను. స్టవ్ ఆపి వచ్చి కాగితాన్ని అరచేత్తో నిమిరి చూసింది.

"ముడత లేదు వదినా."

"సరిగ్గా చూడు."

"చూశాను. లేదు."

చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, గుమ్మంలో నిలబడింది. ఇది రాయడం అయ్యాక వస్తానన్నాను. ఇప్పుడే రండి అంటోంది.